ఏమీ చెయ్యని రెండు రోజులు

పద్నాలుగు నెలల్లో మొదటిసారి
నా సెలవూ అతని సెలవూ
ఒకే శనివారం మీద వాలాయి.
కరెంటు బిల్లు వెనక్కి తిప్పి
పెన్సిల్ మొనని నాలుకకద్ది
పైన రాశాను: ఇన్యాకా దీవి.

దెర్సియు రాత్రంతా రొట్టెలు కాల్చి వచ్చాడు.
కనుబొమల మీద ఇంకా పిండి.
"ఏమీ చెయ్యకుండా ఉండడానికి
ఇంత పెద్ద జాబితానా" అన్నాడు.
అని, నా భుజం మీంచి వంగి
"మిరప్పొడి రాశావా?" అన్నాడు.

మపూతో రేవులో పడవ పొద్దున్నే కదుల్తుంది.
సముద్రం మనసు బాగుంటే సాఫీగా చేరతాం,
లేకుంటే కడుపులో ఉన్నదంతా
అణాపైసల్తో సహా లెక్క అప్పగించాలి.
అందుకని నిమ్మకాయలు, రెండు.
కపులానా గుడ్డలు రెండు:
ఒకటి పరుచుకోను, ఒకటి కప్పుకోను,
ఒకటి తడిస్తే రెండోదే రెండింటికీ.
నిన్నటి రొట్టెలు ఆరు.
టార్చిలైటు.
పుస్తకం అని రాసి కొట్టేశాను.
మళ్ళీ రాశాను.

"అలారం గడియారాన్ని బియ్యం డబ్బాలో పూడ్చేసి పోదాం."
"మరి పడవకి ఎవరు లేపుతారు?"
అతను చాలాసేపు ఆలోచించాడు.
"సరే, రేవు దాకా రానిద్దాం.
అక్కడ టికెట్లమ్మే మనిషికి అప్పగిద్దాం."

బడి యూనిఫారాలు నలభై,
బొత్తాలు ఇంకా కుట్టాలి.
అది కూడా రాశాను, చిన్న అక్షరాల్లో, అంచున.
గాలికి కూర్చుని కుట్టుకుంటాను కదా అన్నాను.
పెన్సిల్ లాక్కుని ఎంత గట్టిగా కొట్టేశాడంటే
కాగితం చిరిగి
అటువైపు, కట్టాల్సిన మొత్తంలో
ఒక సున్నాకి చిల్లు పడింది.
ఇద్దరం దాన్ని దీపానికెత్తి చూసి
కాసేపు సంతోషించాం.

అప్పుడొచ్చింది కింది వాటా దోనా ఎర్మెలిందా
ఉప్పు చేబదులుకి.
ఆ దీవిలో పుట్టిన మనిషి.
తొమ్మిదేళ్ళయింది వెళ్ళి.
"ఆటు మీదుంటే పడవ ఎక్కడో ఆగిపోతుంది తల్లీ,
చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలో నడవాలి.
మోకాళ్ళున్న వాళ్ళదే ఆ ఊరు."
మేం అక్కడ ఏం చేస్తామని అడిగింది.
ఏమీ చెయ్యం అన్నాం.
ఆమె నవ్వింది, గోడకి చెయ్యి ఆనించి మరీ.

"మా రోజుల్లో ఊరికే కూర్చుంటే వీపు చిట్లేది.
నీళ్ళు తీస్తే గవ్వలేరాలి,
నీళ్ళొస్తే వల బాగుచెయ్యాలి,
రెండూ లేనప్పుడు బావికి పోవాలి.
మీరేమో డబ్బిచ్చి మరీ ఊరికే కూర్చుంటారు!"

ఉప్పు మర్చిపోయి కిందికి దిగింది.
మళ్ళీ ఒక్కో మెట్టే ఎక్కి వచ్చింది,
పాత న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లంతో.
కుట్టుమిషను బెల్టు.
తమ్ముడు జెర్మానో తెరచాపలు కుడతాడట,
పాతది తెగి, వర్షాకాలం నించీ
చక్రాన్ని చేత్తో తిప్పుతున్నాడట.
"దీపస్తంభం వైపు నడిచి ఎవర్నడిగినా చెప్తారు.
తొందరేం లేదు.
తినమంటే కాదనకండి.
నా గురించి అడిగితే
మోకాళ్ళు తప్ప అంతా బాగుందనండి."
ఒకటి రెండు మెట్లు దిగి ఆగింది.
"మోకాళ్ళు కూడా బాగున్నాయనండి."

జాబితా అడుగున దెర్సియు చేతిరాత:
జెర్మానో బెల్టు.
దాని కింద రెండు గీతలు.
మిగతావేవీ అతనికిక గుర్తున్నట్టు లేవు,
మిరప్పొడితో సహా.

చీకటిపడ్డాక పనికి పోతూ గుమ్మంలో నిలబడి
"ఎటూ నడవకూడదనుకున్నాం కదా" అన్నాడు.
అవును, అనుకున్నాం.
దీపస్తంభం ఎంత దూరమో
ఇద్దరిలో ఎవరమూ అడగలేదు.

అతని అడుగుల చప్పుడు వీధి మలుపు తిరిగాక
పొట్లం విప్పి
బెల్టు చుట్ట మధ్యలో
ఒక సూది, దారపుండ, పన్నెండు బొత్తాలు సర్ది
మళ్ళీ కట్టేశాను.
మిషను నూనె వాసన, కొత్త తోలు వాసన.

ఇవాళ మంగళవారమే.
పొట్లం అప్పుడే వెళ్ళి
గుమ్మం పక్కన
చెప్పుల మీదెక్కి కూర్చుంది.