ఎడమచెయ్యి మాత్రమే

రీగాలో, కచేరీ హాలు కింది అంతస్తులో
కోట్లు తగిలించే గది నాది.
ముప్పై ఒక్క శీతాకాలాలుగా
సంగీతాన్ని గోడకి ఇవతల నిలబడే విన్నాను.
రెండు తలుపులు, ఒక మఖ్మల్ తెర,
ఆరువందల తడి ఉన్ని కోట్లు.
అవన్నీ దాటి నా దాకా వచ్చేవి
పియానోలో ఎడమచేతి వైపు స్వరాలే.
కుడిచెయ్యి ఏం పలికిందో
మెట్లు దిగే మొహాలు చూసి ఊహించుకోవాలి.

ఈ రాత్రి వాయించినవాడు లోరాంట్ వెరెబ్.
పదకొండు నిమిషాల్లో అయిపోవాల్సిన రెండో భాగం
పదహారు నిమిషాలు పట్టింది.
నా గోడ గడియారం అబద్ధం చెప్పదు,
ప్రతి ఆదివారం నేనే కీ ఇస్తాను.

తర్వాత అభిప్రాయాలు దిగొచ్చాయి
చేతుల్లో ఇత్తడి బిళ్ళలతో.

రెండువందల పద్నాలుగు, నక్క బొచ్చు కాలరు:
"ప్రాణం తీశాడు."
పక్క కొక్కెం, మోచేతులు వెలిసిన నీలం కోటు:
"పోశాడండీ, పోశాడు!"
పత్రికకి సమీక్షలు రాసే పెద్దమనిషి
మఫ్లరు చుట్టుకుంటూ, మాట మీద మాట చుట్టుకుంటూ
చివరికి ఏమీ అనకుండానే వెళ్ళిపోయాడు.
ఒక కుర్రాడు మాత్రం "ఆకలేస్తోంది" అన్నాడు.
అదీ ఒక అభిప్రాయమే.

జెంటా టీచరు బిళ్ళని బల్ల మీద టపీమని కొట్టింది.
"నడిచినట్టు, అని రాసుకున్నాడు ఆ మహానుభావుడు,
సొంత దస్తూరీతో!
నడక! పాకడం కాదు!
నలభై ఏళ్ళు పిల్లల వేళ్ళ మీద స్కేలుతో కొట్టి నేర్పానే,
అంతా తప్పేనా?"

ఆ వేళ్ళలో పది ఇల్మార్స్‌వి.
ఇప్పుడతనికీ జుట్టు నెరిసింది.
ఆవిడ బూటు జిప్పు లాగడానికి వంగి
"మోకాటి లోతు మంచులో నడిచినా
నడకే కదా టీచర్" అన్నాడు.
"కాగితం మీద మంచెక్కడుందిరా?"
"కాగితమంతా తెలుపే కదా."

ఆవిడ నవ్వలేదు.
నేను నవ్వి, దగ్గుతో కప్పేసుకున్నాను.

వాదించుకుంటూనే బయటికెళ్ళారు.
ఆరో నంబరు ట్రాము వచ్చింది, పోయింది.
ఇంకోటీ పోయింది.
అద్దం తలుపులోంచి చూస్తే
ఆవిడ చేతికర్రతో పేవ్‌మెంటు మీద తాళం వేస్తోంది,
ఇదీ వేగం, ఇదీ, ఇదీ, అని.
అతను టోపీ తీసి నిలబడ్డాడు, ఆ చలిలో.

నన్నెవరూ అడగలేదు.
అడిగితే చెప్పేదాన్ని:
తక్కినవాళ్ళ ఎడమచెయ్యి
పెళ్ళివారి వెనక సామాను మోసే మనిషిలా వస్తుంది,
తెచ్చామా, దించామా అని.
ఇతనిది మెట్టుమెట్టుకీ ఆగింది.
రాత్రి పని నుంచి వచ్చి మా అమ్మ
బొగ్గుల బకెట్టుతో ఐదో అంతస్తుకి ఎక్కేది,
పైన మేం నిద్రపోతుంటామని
ఒక్క బొగ్గూ కదలకుండా.
తొమ్మిదో నిమిషంలో ఒకచోట పూర్తిగా ఆగిపోయింది.
నా చేతిలో ఎవరిదో గొడుగు.
దాన్నెక్కడ పెట్టాలో మర్చిపోయాను.

అది తప్పో ఒప్పో నాకు తెలీదు.
కుడిచెయ్యి వినలేదుగా.

దీపాలార్పబోతుంటే టీచరు తిరిగొచ్చింది,
చేతితొడుగు మర్చిపోయిందట.
నేను బల్ల కింద వెతుకుతుంటే
గోడకేసి చూస్తూ అడిగింది,
"రేపు కూడా వాయిస్తాడా?"
"వాయిస్తాడు."
"చూద్దాం. రేపైనా నడుస్తాడేమో."

చేతితొడుగు ఆవిడ జేబులోనే ఉంది,
వేళ్ళు బయటికి వేలాడుతూ.