డొల్ల మోత

విజయనగరం పెద్దాసుపత్రిలో
డాక్టరమ్మ ఎడమచేతి వేలు ఆయన ఛాతీమీద ఆనించి
కుడిచేతి వేలితో దానిమీద తట్టింది.
ఒకసారి. పక్కటెముక దిగి మళ్ళీ. ఇంకా దిగి మళ్ళీ.
లక్కుమయ్య నావైపు తిరిగి
"గుంటడా, ఈయమ్మ తాళం తప్పుతన్నాది" అన్నాడు.
ఆ ఒక్క మాటకి మూడుచోట్ల ఆగాడు.

నలభై ఏళ్ళు ఆ ఛాతీమీదే తప్పెటగుళ్ళు కట్టాడు.
గంట్యాడ నుంచి బొండపల్లి దాకా
గంగమ్మ పండగ ఏ ఊళ్ళో చేసినా
గజ్జెలు కట్టి ఇరవైమందిమి
ఆయన గొంతు వెనక పరుగెత్తేవాళ్ళం.
గుక్క తిప్పుకోకుండా నాలుగు చరణాలు పాడి,
నడుం వెనక్కి విరిచి
కంటిరెప్పతో నేలమీది సూది ఎత్తేవాడు.
ఇప్పుడు చెప్పులు తొడుక్కోడానికి వంగితే
గోడ పట్టుకుంటాడు, నోరు చేపలా తెరుచుకుంటుంది,
లేచేసరికి బస్సు వెళ్ళిపోతుంది.

"ఎన్నేళ్ళుగా కాలుస్తున్నావు?"
"ఏటి?"
"చుట్ట."
"అదా."
మీసం వచ్చిన కాడ్నించి, అన్నాడు.
మీసం ఎప్పుడో నెరిసింది.

నేను చెప్పాల్సింది ఒకటుంది, ఆవిడ నన్నడగలేదు.
నిప్పు తెచ్చిచ్చింది నేనే.
ఆటకీ ఆటకీ మధ్య
పందిరిగుంజకి ఆనుకుని ఆయన చెయ్యి చాపితే
కొబ్బరిచిప్పలో కణిక పెట్టుకుని
ఒంటిమీద చొక్కా లేని తొమ్మిదేళ్ళ నేను,
మనిషిమీద మనిషి ఎక్కిన ఆ గోపురానికి
కొసన నిలబడే నేను,
పరుగున వెళ్ళేవాణ్ణి.
ఎవరికిస్తాడు అంత పెద్ద పని, నాకు కాక?
ఆయన పీల్చి ముక్కులోంచి వదిలితే
పెట్రోమాక్సు చుట్టూ పొగ తన ఆట తను ఆడేది.
జనం దానికీ ఈలలేసేవారు.

"లోపల చేప జనలాగా సన్నటి గాలిబుడగలుంటాయి తాతా,
లెక్కకి అందనన్ని.
వాటి గోడల్ని పొగ తినేసింది.
పదీ ఇరవై కలిసిపోయి ఒక్కో సంచయ్యాయి.
గాలి లోపలికి పోతోంది గానీ
బయటికి వచ్చే దారి మూసుకుపోతోంది.
పోయినవి తిరిగి రావు. ఉన్నవి కాపాడుకోవాలి.
అందుకే చూడు, తట్టితే డొల్లగా మోగుతోంది."

"డొల్లగా ఉంటేనే కదమ్మా మోగుతాది,"
అన్నాడు తప్పెట చేసినవాడు.
డాక్టరమ్మ నవ్వబోయి, మానేసింది.

సొరుగులోంచి అగ్గిపెట్టె తీసింది.
పుల్ల గీసి జానెడు దూరంలో పట్టుకుంది.
"పెదాలు ముడవకుండా, నోరు తెరిచే ఊదు."
ఊదాడు.
మంట కొంచెం వంగింది.
నిలబడింది.
మెడనరాలు తాళ్ళలా లేచేట్టు మళ్ళీ ఊదాడు.
మంట పుల్ల చివరిదాకా నడిచి
ఆవిడ వేలు తాకబోతే
ఆవిడే విదిలించి ఆర్పింది.
గదిలో గంధకం వాసన.
నేను తల దించుకున్నాను.
నా జేబులోనూ ఉంది, అదే బొమ్మ ఉన్న పెట్టె,
పక్కనే సగం ఖాళీ అయిన బీడీకట్ట.

తిరుగు ప్రయాణంలో కిటికీ సీటు ఆయనకిచ్చాను.
పీల్చే మందు గొట్టాన్ని
కొత్త సన్నాయిలా ఒళ్ళో పెట్టుకుని
అటూ ఇటూ తిప్పి చూశాడు.
గజపతినగరం ఇంకా రాలేదు.
ఉన్నట్టుండి "వోసనొస్తన్నాది నీకాడ" అన్నాడు.
నేను మాట్లాడలేదు.
ఎడమచేతి వేలు నా చొక్కామీద ఆనించి
కుడిచేతి వేలితో తట్టాడు,
ఇంతకుముందు ఆవిడ చేసినట్టే, కాకపోతే తాళంలో.
చెవి దగ్గరికి తెచ్చి విన్నాడు.
బస్సంతా గోల. ఆయనకి వినిపించింది.

"ఇంకా గట్టిగానే ఉన్నాది," అన్నాడు.
కాసేపు ఊపిరి కూడదీసుకుని,
"ఇంకా మోగనేదు."

మోగనందుకు గురువు నన్ను మెచ్చుకోవడం
అదే మొదలు.