లెరోలెను అప్పగిస్తూ

ఇదుగో పగ్గం.
అంత గట్టిగా కాదు నర్సమ్మా,
తడిబట్ట పిండుతున్నట్టు పట్టుకున్నావు.
నువ్వింకా ఎక్కనే లేదు,
వాడి కుడిచెవి అప్పుడే నీవైపు తిరిగింది చూడు.

వీడి పేరు లెరోలె. మా సెసోతోలో దుమ్ము అని.
సంతలో కొన్నప్పుడు అదే రంగు, అదే ధర.
ఎడమ డొక్క మీద అరచెయ్యంత చోట వెంట్రుక మొలవదు.
ఎవరు కొట్టారో నేనడగలేదు, అమ్మినవాడు చెప్పలేదు.
ఆ పక్కనుంచి జీను ఎత్తేముందు
నీ పేరు చెప్పు.
నవ్వకు. రెలెబోహిలె అని మొత్తం చెప్పు,
వాడికి తొందరేం లేదు.

మొదటి నెలంతా నేను ఎక్కలేదు.
రాళ్ళదొడ్డి మూల బకెట్ బోర్లించి కూర్చుని
దుప్పటి అంచు కుట్టుకునేదాన్ని.
దిమకాత్సో గుర్రానికి కుట్టుపని నేర్పుతోందని
ఊరంతా నవ్వింది.
పంతొమ్మిదో రోజున
వెనకనుంచి వెచ్చటి ఊపిరి నా మెడ మీద పడింది.
సూది వేల్లో దిగింది.
నేను కదల్లేదు.

అడగడం ఎవరికైనా వచ్చు.
మడమతో అడుగుతాం, కళ్ళెంతో అడుగుతాం,
వాడు ఒక్క అంగుళం ఒప్పుకోగానే
చెయ్యి వదులు చెయ్యడమే చేతకాదు.
నాకూ చాలాకాలం చేతకాలేదు.
వాడి దవడ పక్కన నరం చూస్తూ నేర్చుకున్నాను,
అది మెత్తబడిన క్షణానికి నా వేళ్ళు
అరక్షణం ఆలస్యంగా తెరుచుకునేవి.
ఆ అరక్షణానికి ఒక చలికాలం పట్టింది.

ఒక సంగతుంది, ఎవరికీ చెప్పలేదు.
ఒకసారి వాడికి అబద్ధమాడాను.
పోయిన జూలైలో, మలోతి కొండలు తెల్లగా మూసుకుపోయిన రోజు
వాడు గుట్ట మీదనుంచి దిగిరానంటే
ఉప్పుడబ్బా గలగలలాడించి పిలిచాను.
డబ్బాలో ఉన్నవి గులకరాళ్ళు.
వచ్చాడు. మూతి పెట్టాడు. తలెత్తాడు.
కాలు దువ్వలేదు, చెవులు వెనక్కి పెట్టలేదు.
నన్ను దాటి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు,
కొత్తవాళ్ళని చూసినట్టు కూడా కాదు,
అక్కడెవరూ లేనట్టు.
పద్దెనిమిది వారాల పని
పిడికెడు రాళ్ళ చప్పుడుకి పోయింది.
మళ్ళీ బకెట్. మళ్ళీ సూది.
రెండో దుప్పటి అంచు కూడా అయిపోయింది.

గాలికెగిరే ప్లాస్టిక్ సంచి అంటే బెదురు.
పసిపిల్లలంటే లేదు, కాళ్ళమధ్య దూరినా నిలబడతాడు.
పాదిరిగారి గొడుగంటే ఇప్పటికీ పడదు,
అందులో తప్పు పాదిరిగారిదే.

సెన్‌కు రేవులో నీళ్ళు పొట్టకి తగలగానే ఆగుతాడు.
మందులపెట్టె తడుస్తుందని నీకు గుబులు.
నీ తొడల బిగువులోంచి అది వాడికి చేరుతుంది.
దాచకు. ధైర్యం నటిస్తే పట్టేస్తాడు.
ఊపిరి వదులు, డొక్క ఖాళీ అయ్యేదాకా.
వాడూ వదులుతాడు, జీను కింద పొంగి తగ్గడం తెలుస్తుంది.
అడుగు ఆ తర్వాతే.

మా గుర్రాలకి ఒక నడకుంది,
దౌడూ కాదు, మామూలు నడకా కాదు,
చేతిలో నిండు టీ గ్లాసున్నా ఒలకదు.
నువ్వడిగితే రాదది.
అవతలి ఊళ్ళో ఎవరి బిడ్డకి జ్వరమో తలుచుకుంటూ
అడగడమే మరిచిపోయిన పొద్దున
నీ కింద దానంతటదే మొదలవుతుంది.
అప్పుడు మాత్రం ఏమీ చెయ్యకు.

ఎక్కు. మెట్టురాయి ఉంది, సిగ్గుపడకు.

మలుపు దగ్గర ఆగి వెనక్కి చూస్తాడు.
లాగకు. చూడనీ.
గోడచాటుకి పోదామనే అనుకున్నాను ముందు,
కానీ లేనని అనుకుంటాడు, అదీ అబద్ధమే.
ఇక్కడే నిలబడతాను,
ఖాళీ చేతులు కనబడేలా.
చూసి, వాడే తిరుగుతాడు.

తిరక్కపోతే,
మందులు కాస్త ఆలస్యంగా చేరతాయి.