పై అంతస్తు నంబరు

జ్వరం పోతూ పోతూ
లమారా ముక్కులోంచి వాసనలన్నీ పట్టుకుపోయింది.
కొత్తిమీర, కిరోసిన్, తడిసిన ఉన్నికోటు
అన్నీ ఒకటే ఆమెకిప్పుడు.

త్బిలీసీ గ్యాస్ కంపెనీ కుర్రాడు
పొయ్యికి పైన, కప్పు వారగా
తెల్ల డబ్బా బిగించి అడిగాడు:
"మీకు కాక ఇంకెవరి ఫోనుకి చెప్పమంటారు?"

కాగితం చూడకుండానే చెప్పింది,
పై అంతస్తు జుంబర్ నంబరు.
పదకొండేళ్ళుగా ఆ ఇద్దరి మధ్య
పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

ఫిబ్రవరి రాత్రి. పాలు పొంగి మంట ఆరింది.
కుర్చీలో ఆమె కునుకు.
డబ్బా అరిచింది. పైన ఫోనూ అరిచింది.

ఒంటిచెప్పుతో దిగొచ్చాడు.
తలుపు తీసిందామె.
గ్యాస్ కట్టేశాడు, కిటికీలు బార్లా తెరిచాడు,
అగ్గిపెట్టె తన జేబులో వేసుకున్నాడు.

మంచుగాలిలో కోట్లు తొడుక్కుని కూర్చున్నారు.
"వాసన పోయిందా?"
"ఇంకా ఉంది," అన్నాడు,
అదెప్పుడో పోయినా.