గోడ అవతల

నా కారు డిక్కీలో
తొమ్మిది ప్లాస్టిక్ నిమ్మకాయలు,
ఎవరూ తల ఆనించని పదహారు దిండ్లు,
ఎవరూ ఒళ్లు తుడుచుకోని తువ్వాళ్లు.
బెర్గెన్‌లో అమ్మకానికొచ్చిన ఇళ్లల్లో
తలా రెండు వారాలు కాపురముంటాయి అవి.

ఈసారి కొండవాలు మీద, వానలో,
ఒకే గోడని పంచుకున్న జంట చెక్క ఇళ్లలో ఎడమది.
యజమాని హల్వర్డ్, ట్రాము పట్టాలు అతికే మనిషి.
పని ఉత్తరానికి మారిందన్నాడు. అంతకుమించి చెప్పలేదు,
నేనూ అడగలేదు.
ఇంట్లోంచి మనిషిని తుడిచెయ్యడమే నా కొలువు,
అతని కథ పోగెయ్యడం కాదు.

ఫ్రిజ్ మీది అయస్కాంతాలు ఊడదీశాను.
పళ్ల బ్రష్షు దాచాను.
చేపల వాసన పోవడానికి కిటికీలు తెరిచి
మూడు రోజులు వానని ఇంట్లోకి పిలిచాను.
గోడలకి "ఉదయపు మంచు" అనే తెలుపు వేశాను.
డబ్బా మీద అలా రాసుంది, నా కళ్లకి అది ఉత్త తెలుపే.

వంటింటి గోడ మీద మాత్రం, పొయ్యికి ఎడంపక్క,
పిడికిలంత మేర
గులకరాయిలా నున్నగా అరిగి ఉంది.
రెండు పూతలు పూసినా ఆ నునుపు పోలేదు.
ఇదేమిటన్నాను.
"బోర్గ్‌హిల్డ్," అన్నాడు, అదేదో మరక పేరైనట్టు.

నిచ్చెన మడిచేటప్పుడు మిగతాది చెప్పాడు:
ఆదివారం పన్నెండింటికి పక్కింటావిడ వాఫుల్స్ వేసి
గోడ తడుతుంది, మూడుసార్లు.
వస్తానంటే రెండు కొట్టాలి. రానంటే ఒకటి.
పద్నాలుగేళ్లలో ఒకటి కొట్టింది నాలుగుసార్లేనట.
"అమ్ముతున్నావని చెప్పావా?"
"వీధిలో బోర్డుందిగా."

ఆదివారం. ఇంటికి పెళ్లిచూపులు.
యజమాని కంటపడకూడదు, అది నా నియమం;
అతని ముందు ఎవరూ బీరువా తలుపులు ధైర్యంగా తెరవరు.
హల్వర్డ్ ట్రామెక్కి ఈ చివరినుంచి ఆ చివరికి తిరుగుతున్నాడు.
పదకొండుమంది, కాళ్లకి నీలం ప్లాస్టిక్ తొడుగులు,
గది గదికీ గరగర.
ఒకాయన కుళాయి తిప్పి చూశాడు.
ఒకావిడ కిటికీలోంచి కనబడని సముద్రాన్ని
కనబడుతుందనుకుని మెచ్చుకుంది.

అప్పుడు.
టక్. టక్. టక్.

గోడలకి చెవులుంటాయంటారు,
నోరుంటుందని ఎవరూ అనలేదు.
"పైపులు," అన్నాను, ఎవరూ అడక్కముందే.
వానకోటు పెద్దమనిషి కాగితం మీద ఏదో రాసుకున్నాడు.
మళ్లీ మూడు. ఈసారి నెమ్మదిగా,
చెవిటివాడికి చెప్పినట్టు.

నేను పళ్లెం దగ్గరే ఉన్నాను, ఆపి ఉండవచ్చు.
ఎవరి పిల్లో, ఆరేళ్లుంటాయి,
ఒక నిమ్మకాయ తీసి
ఆ నున్నటి చోటే, సరిగ్గా అక్కడే,
రెండుసార్లు కొట్టింది.
బోలుగా మోగింది.

ఆ పిల్లకి తెలీదు తను ఒప్పుకున్నదేమిటో.
ఏజెంటుకి తెలీదు.
తెలిసిన ఒకే ఒక్కడు ఏ స్టాపులో ఉన్నాడో.
ఇల్లు మాట ఇచ్చేసింది, ఎవరో ఒకరు వెళ్లాలి కదా.
నీలం తొడుగులతోనే వానలోకి దిగాను.

తలుపు తీసిన ఆవిడ
ముందు నా పాదాలు చూసింది.
"అతని చెయ్యి కాదది," అంది.
"కాదు. నిమ్మకాయ."
చాలాసేపు ఏమీ అనలేదు.
వెనకాల పెనం పొగలు కక్కుతోంది,
బల్ల మీద రెండు పళ్లేలు.

"ఎంతమందున్నారు లోపల?"
"పదకొండు."
"పిండి చాలదు," అంటూనే
గరిటె అందుకుంది.

రెండు వారాల తర్వాత సామాను సర్దుకుంటే
ఎనిమిది నిమ్మకాయలే తిరిగొచ్చాయి.
లెక్కపుస్తకంలో తొమ్మిదనే రాశాను.