దొంగ తూము

రావులపాలెం అరటి యార్డులో
రేకుల షెడ్డుకున్నంత ఆకలి దేనికీ లేదు.
ఎంత సిగ్నల్ వదిలినా మింగేసి
త్రేన్చనైనా త్రేన్చదు.

రెండు నెలలుగా భామిరెడ్డి గారి బల్ల మీద
అగరొత్తుల పొగ పీలుస్తూ కూర్చున్న రౌటర్ని
నిచ్చెనెక్కి, గెలలు కట్టే పురికొసతోనే
దూలానికి బిగించాను.
ఆకుపచ్చ దీపం మూడుసార్లు కొట్టుకుని నిలబడింది.
"నా కుర్చీ దగ్గర ఫుల్లుగా వస్తోంది, చాలమ్మాయ్"
అన్నారు ఆయన.

కింద నిచ్చెన పట్టుకున్న వాచ్‌మన్ తాత నవ్వాడు.
గెడ్డం ఏలియా.
లొల్ల లాకుల మీద ముప్పైరెండేళ్ళు లస్కరు.
"ఎగువోడెప్పుడూ అలాగే అంటాడు.
కాటా దగ్గరికెళ్ళి చూడు.
శివారు తడిస్తేనే నీరు వదిలినట్టు."

కాటా దగ్గర ఒక్క గీత.
మధ్యలో చక్కెరకేళి గుట్ట.
అరటికి ఒళ్ళంతా నీరే, తరంగాన్ని తాగేస్తుంది;
చదువుకున్నప్పుడు నమ్మలేదు.
స్తంభానికి ఇంకో పెట్టె కట్టాను.
తాత దానికి పిల్లకాలవని పేరు పెట్టాడు.

తరవాత లోపలికొచ్చి లెక్క చూశాను.
కొట్టులో ఉన్నవి రెండు ఫోన్లు, గుమస్తా కంప్యూటరు,
బిల్లు మిషను, కాటా, మూడు కెమెరాలు.
ఎనిమిది.
తెర మీద తొమ్మిది.

తొమ్మిదోదానికి పేరు లేదు,
అంకెలూ అక్షరాలూ కలిసిన తోక మాత్రం ఉంది.
రోజూ తెల్లారగట్ల నాలుగింటికి వస్తుంది,
రెండు నిమిషాలు తాగి పోతుంది.

"దొంగ తూము!" అన్నాడు తాత.
గట్టు కింద రాత్రికి రాత్రి పైపు దూర్చేవాళ్ళని
సుడి చూసి పట్టేవాడట.
అరచెయ్యంత సుడి,
దాని చుట్టూ ఒక గుర్రపుడెక్క పువ్వు
ఎటూ పోలేక తిరుగుతూ...
చెప్తూ చెప్తూ ఆగిపోయాడు.
"నాలుగింటికా?"

చొక్కా జేబులోంచి
అద్దం పగిలిన ఫోను తీశాడు.
"ఇదేనేమో చూడమ్మాయ్."

ఇదే.
ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం,
రోజూ చూసేది అదొక్కటే.
రిటైరై ఆరేళ్ళయినా
ఎన్నడుగులుందో తెలియందే టీ దిగదట.

"పాస్‌వర్డు ఎవరిచ్చారు తాతా?"
"ఎవరివ్వాలి? పెట్టె అడుగునే అంటించి ఉంది.
హమాలీ కుర్రాడు చదివి పెట్టాడు.
గేటుకే తాళంచెవి వేలాడదీసి
నన్ను కాపలా పెట్టినట్టుంది మీ వరస.
నాకు దొరికిందంటే ఊరందరికీ దొరికినట్టే.
మార్చెయ్."

భామిరెడ్డి గారు లారీ నంబరు పెట్టమన్నారు.
అది లారీ వెనకాల రాసుంటుంది కదండీ అన్నాను.
పోనీ అమ్మాయి పేరు పెట్టమన్నారు.
"అది లారీ ముందుందండీ" అన్నాడు గుమస్తా,
నవ్వాపుకోలేక.

చివరికి ఒకదానికొకటి పొంతన లేని
నాలుగు మాటలు గుదిగుచ్చాను.
అవేంటో ఇక్కడ రాయను.
కంపెనీవాడు పుట్టుకతో ఇచ్చిన అడ్మిన్ మాట కూడా తీసేశాను.
డ్రైవర్లకి వేరే బోదె తవ్వాను,
వాళ్ళ సినిమాలు వాళ్ళు చూసుకుంటారు,
ఆ నీరు బిల్లు మిషను వైపు మళ్ళదు.

తాత ఫోనుకి చెయ్యి చాపాను.
"నాకు మాత్రం చెప్పకు.
దొంగని పట్టడం వచ్చుగానీ
అడిగినవాణ్ణి కాదనడం రాదు నాకు.
లాకు మీదా అదే జబ్బు."

చెప్పలేదు. నేనే కొట్టాను.
కొడుతున్నంతసేపూ
మొహం కాలవ వైపు తిప్పుకుని నిలబడ్డాడు.
జాబితాలో తొమ్మిదో వరసకి
లస్కరు అని పేరు రాసి ఇచ్చాను.

ఫోను దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి,
"పదడుగుల రెండు.
పొద్దున్నకంటే లేచింది.
లంకల వాళ్ళకి చెప్పాలి,
గెలలు రేపే దింపుకోమని" అంటూ
నిచ్చెన సంగతి మర్చిపోయి
గేటు వైపు నడిచాడు.