కలంతరాష్

దేవరకొండ తాసీలు ఆఫీసు వెనక రూముల
బస్తాల నడుమ ఒక చెక్కపెట్టె దొరికింది.
మూత తెరిస్తే ఎండిపోయిన దవాతు,
విరిగిన రెల్లుకలాలు రెండు,
నా చిటికెనవేలంత కత్తి.

అటెండర్ ఖాజామియా కండ్లద్దాలు పైకి నెట్టి
"కలంతరాష్" అన్నడు,
ఎన్నడో దూరమైన చుట్టాన్ని పేరు పెట్టి పిలిచినట్టు.
కలాన్ని చెక్కేదట.

రాత్రి బిడ్డ హోంవర్కుల అదే కత్తి ఎదురొచ్చింది,
ఇంగ్లీషు తొడుక్కొని.
రెండు మాటలు కలిసి ఒక్కటైనవి పది రాయాలె.
పెన్‌నైఫ్ దగ్గర ఆగింది రిత్విక.
"పెన్నుకు కత్తెందుకమ్మా,
క్యాపు తీస్తే రాస్తది గద?"

డిక్షనరీ తిప్పిన.
పెన్ అంటే మొదట ఈక.
పెద్దబాతు రెక్కల ఈక,
కొన చెక్కి, నడుమ చీల్చి, సిరాల ముంచేటోళ్లట.
అరిగినప్పుడల్లా మళ్ల చెక్కాలె.
అందుకే రాసేటోని జేబుల కత్తి.

ఈక పోయింది, ఉక్కు పాళీ వచ్చింది,
పాళీ పోయి బాల్‌పెన్ వచ్చింది.
కత్తి మాత్రం పేరు మార్చుకోలె.
పని ఉడిగినా పాత పనిపేరు తోనే
పలికే మనిషి లెక్క.

మా నాయిన లెక్క.
చెట్టు దిగి పదేండ్లాయె,
మోకు కొట్టంల వేలాడుతున్నది,
ఊరికి ఇప్పటికీ గీతమల్సూరే.

ఫోన్ల ఈ ముచ్చట చెప్తే నవ్విండు.
"తాటాకు మీద రాసిన కాలంల
కత్తి మాదే, ఆకు మాదే,
రాత మాది గాదు బిడ్డా."
తర్వాత ఉత్తగనే ఎండల గురించి అడిగిండు.

గీత.
ఆయన చెట్టుకు పెట్టింది,
నేను పహాణీల స్కేలు పట్టి కొట్టేది.
ఒక్కటే మాటని ఇన్నేండ్లూ తట్టనే లేదు.

మర్నాడు కంప్యూటర్ల ఎక్కించే పాత రికార్డు విప్పినం.
ఉర్దూ అక్షరాలు చీమలబారు.
ఖాజామియా చదువుతుండు, నేను కొడుతున్న.
సర్వే నంబరు రెండువందల పదహారు కాడ
ఆయన గొంతు ఆగింది.
కాగితం అక్కడ పలచగున్నది.
ట్యూబులైటుకు పట్టి చూస్తే
ఉల్లిపొర తీర్గ వెలుగు దిగింది.

"గీకిన్రు" అన్నడు.
"చెక్కెటందుకే గాదు మేడం,
తుడిచెటందుకు గూడ గదే కత్తి."

తుడిచిన జాగల ఇంకో పేరు,
సిరా ఊరి, అంచులు పాకి.
దాని కింద ఒకరుండిరి.
ఎవరో ఎవరికీ తెల్వదు.
మావోళ్లయితే కాదు,
మాకెన్నడు భూమి లేకుండె.
అయినా నా బొటనవేలు నేనే తడుముకున్న.

నాయిన పొద్దూకి గీస్తే
తెల్లారేసరికి లొట్టి నిండేది.
ఇక్కడ గీకిన కాడ ఏమూరింది?

ఎనిమిదో తరగతిల తెలుగుసారు
విగ్రహవాక్యం అడిగేటోడు.
కలము కొరకు కత్తి అంటే చతుర్థి,
కలము యొక్క కత్తి అంటే షష్ఠి.
కలమే కత్తి అని రాసినందుకు
నాకు సున్న పెట్టిండు,
గింత పెద్ద మాటలు నీకెందుకని.

కత్తి పదును వేలితో చూసిన.
తుప్పు అంటింది, తెగలేదు.

ఖాజామియా చాయ్‌కని లేచిండు.
రిమార్కుల గడిల కర్సరు ఆగి ఆగి కొట్టుకుంటున్నది.
"ఇక్కడ ఒక పేరుండె" అని కొట్టిన.
చూసుకున్న.
బ్యాక్‌స్పేస్ నొక్కిన.

తెర ఎక్కడా పలచబడలే.